బరువు 64, బీఎంఐ నార్మల్, నడుము 92: ఒక టైలర్ అనుభవం

విజయవాడ గవర్నర్‌పేటలో నాకు టైలర్ షాపు ఉంది. ప్యాంట్లు, షర్టులు కుడతాం, పెళ్ళిళ్ళ సీజన్‌లో సూట్లు కూడా. నా వయసు 46, ఎత్తు 168 సెంటీమీటర్లు, ఈ సంగతి మొదలైనప్పుడు బరువు 64 కిలోలు. కాళ్ళూ చేతులూ సన్నం, చొక్కా వదిలేసి వేసుకుంటే పొట్ట ఉన్నట్టే తెలియదు. అంతకుముందు మా పేటలో పెట్టిన ఒక ఉచిత క్యాంపులో ఎత్తు, బరువు చూసి, ఎత్తుకి తగ్గ బరువు ఉందో లేదో చెప్పే బీఎంఐ లెక్క కట్టి "బీఎంఐ 22.7, నార్మల్" అని చీటీ రాసిచ్చారు. షుగర్ చూడలేదు, టేపు తీయలేదు. ఏడాది తిరక్కుండానే నాకు ప్రీ డయాబెటిస్, అంటే షుగర్ జబ్బుకి ముందు మెట్టు, ఉందని, లివర్‌కి కొవ్వు పట్టిందని తేలింది. నాలాంటి ఒళ్ళు ఉన్నవాళ్ళు మన వైపు చాలామంది, రోజూ షాపులో చూస్తూనే ఉంటాను, అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

అసలు డాక్టరు దగ్గరికి వెళ్ళింది నా కోసం కాదు. మా తమ్ముడు లావుగా ఉంటాడు, 82 కిలోలు. మెట్లెక్కితే మోకాళ్ళు నొప్పి అంటున్నాడని సూర్యారావుపేటలో ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆవిడ వాడిని కాటా ఎక్కించి, బీపీ చూసి, టేపుతో కొలిచి, ఇంట్లో ఎవరికైనా షుగర్ ఉందా అని అడిగితే వాడు "అమ్మకి ఉందండీ, చాలా ఏళ్ళ నుంచి" అన్నాడు. ఆవిడ వెంటనే నా వైపు తిరిగి "మీరెప్పుడు చూపించుకున్నారు?" అన్నారు. బరువు నార్మలే అన్నారండీ అని చీటీ సంగతి చెప్పాను. "అమ్మ ఇద్దరికీ అమ్మే కదండీ, ఇలా వచ్చి నిలబడండి" అని టేపు తీసుకుని లేచారు.

ఇరవై ఏళ్ళకి పైగా జనాన్ని కొలుస్తున్నవాణ్ణి, ఇంకొకరు కొలుస్తుంటే ఎలా కొలుస్తున్నారో చూడకుండా ఉండలేను. ఆవిడ మాలాగా బెల్టు కట్టే చోట టేపు పెట్టలేదు. చొక్కా పైకెత్తమని, డొక్క పక్కన వేలితో తడిమి ఆఖరి పక్కటెముక కింది అంచు దొరకబుచ్చుకుని అక్కడ పెన్నుతో చుక్క పెట్టారు. తర్వాత తుంటి ఎముక పై అంచు వెతికి అక్కడొక చుక్క. ఆ రెండిటికీ సరిగ్గా మధ్యలో మూడో చుక్క పెట్టి, టేపు దాని మీదుగా చుట్టారు. నాకైతే అది బొడ్డుకి కాస్త పైన వచ్చింది. పాదాలు దగ్గరగా పెట్టి, చేతులు పక్కకి వదిలేసి, మామూలుగా ఊపిరి తీసి వదలమన్నారు, వదిలిన చివర్లో అంకె చూశారు. వెనక వైపు టేపు జారిందేమో చూసుకుని, కళ్ళు టేపు ఎత్తుకి వచ్చేలా వంగి, ఇంకోసారి కొలిచారు. టేపు ఒంటికి ఆనుకోవాలి గాని చర్మంలోకి నొక్కుకోకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే పద్ధతి ఇదేనట. 92 సెంటీమీటర్లు వచ్చింది. తర్వాత పిరుదుల దగ్గర ఎక్కడ ఎక్కువ వెడల్పు ఉందో అక్కడ కొలిచారు, దాన్ని మేము సీటు అంటాం, అది 93.

నేను వేసుకునే ప్యాంటు నడుము 34 ఇంచులు, అంటే 86 సెంటీమీటర్లు. మరి ఈ 92 ఎక్కడిది అని ఎవరైనా అడుగుతారు, టైలర్లు అడగరు. ప్యాంటు నడుము అంటే ప్యాంటు కట్టే చోటు, అంతే. పొట్ట ముందుకు వచ్చేకొద్దీ మగవాళ్ళు ప్యాంటుని కిందికి దించి పొట్ట కింద కడతారు, అక్కడ కొలత పెద్దగా మారదు. "మాస్టారూ, పెళ్ళైన కాణ్నుంచీ నా నడుము 34 దాటలేదు" అని చెప్పే కస్టమర్లు నాకు బోలెడుమంది, అదే మనిషికి షర్టు కోసం పొట్ట మీద టేపు పెడితే 38, 39 ఉంటుంది. రెడీమేడ్ ప్యాంటు మీద రాసిన సైజు మీ నడుము కొలత కాదు, దాన్ని ఈ లెక్కల్లో వాడొద్దు.

డాక్టరమ్మ కాగితం వెనక్కి తిప్పి లెక్కలు వేసి చూపించారు. మన దేశంలో మగవాళ్ళకి నడుము 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకి 80 దాటకూడదు. నెట్‌లో వెతికితే 102, 88 అని కనపడతాయి, అవి అమెరికా వాళ్ళ పట్టికలు, మనకు పనికిరావు. రెండో లెక్క నడుముని సీటుతో భాగించాలి, మగవాళ్ళకి 0.90, ఆడవాళ్ళకి 0.85 హద్దు. నాది 0.99, అంటే నడుమూ సీటూ దాదాపు ఒకటే. మూడోది నడుముని ఎత్తుతో భాగించడం, అది 0.5 లోపు ఉండాలి, ఎవరి నడుమైనా వాళ్ళ ఎత్తులో సగం దాటకూడదన్నమాట. బ్రిటన్‌లో నైస్ అనే ఆరోగ్య సంస్థ 2022లో ఇదే మాట చెప్పింది, 0.5 నుంచి 0.59 దాకా ముప్పు పెరిగినట్టు, 0.6 దాటితే ఎక్కువ ముప్పు. నా ఎత్తులో సగం 84, నడుము 92, లెక్క 0.55. మూడు కొలతలూ హద్దు దాటాయి, బీఎంఐ ఒక్కటే నార్మల్. అది కూడా మనకు 23 లోపు ఉండాలి, 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం, 25, 30 అనే హద్దులు మిగతా ప్రపంచానికి. అంటే 22.7 కూడా అంచు మీద ఉన్న అంకే.

మర్నాడు పరగడుపున ఇద్దరం రక్తం ఇచ్చాం. తమ్ముడి బీఎంఐ 27.7, నడుము 98, వాడికే ఎక్కువ తేడాలు వస్తాయని ఇంట్లో అందరం టెన్షన్ పడ్డాం. వాడి షుగర్ బాగానే ఉంది, బీపీ మాత్రం 142/90. నాకు పరగడుపు షుగర్ 108, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 6.1, రక్తంలో కొవ్వు అయిన ట్రైగ్లిజరైడ్లు 210, మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ 36. స్కానింగ్‌లో గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్. నడుము హద్దు దాటడం, ట్రైగ్లిజరైడ్లు 150 పైన, హెచ్‌డీఎల్ మగవాళ్ళకి 40 లోపు, బీపీ 130/85 పైన, పరగడుపు షుగర్ 100 పైన, ఈ అయిదింట్లో మూడు ఉంటే మెటబాలిక్ సిండ్రోమ్ అంటారట, షుగర్, గుండె జబ్బుల ముప్పు పెంచే గుంపన్నమాట. నాకు నాలుగు ఉన్నాయి, బీపీ ఒక్కటే బాగుంది. తమ్ముడు రిపోర్టులు చూసి "అన్నయ్యా, నన్ను చూపించడానికి వచ్చి నువ్వు దొరికావు" అన్నాడు. దీన్ని బట్టి లావుగా ఉన్నా పర్వాలేదు అనుకోకండి. వాడి మోకాళ్ళకి, బీపీకి ఆ బరువే కారణమని డాక్టరమ్మ గట్టిగానే చెప్పారు. ఎవరి ముప్పు వాళ్ళది.

బరువు బాగుండి లోపల ఇలా ఎందుకుంటుందో నాకు అర్థమయ్యేలా చెప్పింది మా పెద్దమ్మాయి, గుంటూరులో నర్సింగ్ చదువుతోంది. "నాన్నా, బీఎంఐ లెక్క 1830ల నాటిది, కెట్లే అని బెల్జియం లెక్కల మాస్టారు జనాభా సగటు కోసం కట్టాడు, ఒక్కో మనిషి జబ్బు చూడటానికి కాదు" అంది. దానికి ఆ పేరు పెట్టింది మాత్రం అమెరికాలో ఆన్సెల్ కీస్ బృందం, 1972లో. బీఎంఐ మనకు చెప్పేది మొత్తం బట్ట ఎన్ని మీటర్లు అనే, అది ఎక్కడ బిగుతుగా ఉందో ఎక్కడ లూజుగా ఉందో చెప్పదు. కండ ఎంత, కొవ్వు ఎంత, ఆ కొవ్వు తొడలకి ఉందా పొట్టలో ఉందా అన్నది దాంట్లో ఉండదు. చర్మం కింద చేతికి దొరికే కొవ్వు కన్నా లోపల పేగుల చుట్టూ చేరే కొవ్వు చెడ్డది, దాంట్లోంచి వచ్చే కొవ్వు ఆమ్లాలు నేరుగా లివర్‌కి వెళ్ళే రక్తనాళంలో కలుస్తాయి, లివర్‌లో కొవ్వు పేరుకోవడం, ఇన్సులిన్ సరిగ్గా పని చేయకపోవడం అక్కణ్నుంచే మొదలు.

2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఒక ఫొటో కూడా మా అమ్మాయి చూపించింది, అది చూశాక నాకు ఇంకే అనుమానం లేదు. పుణెలో డాక్టర్ యాజ్ఞిక్, లండన్‌లో డాక్టర్ యడ్కిన్, ఇద్దరూ పక్కపక్కన నిలబడి ఉంటారు. ఇద్దరి బీఎంఐ 22.3. లండన్ ఆయన ఒంట్లో కొవ్వు 9.1 శాతం, మన యాజ్ఞిక్ గారి ఒంట్లో 21.2 శాతం. మనవాళ్ళకి పుట్టుక నుంచే కండ తక్కువ, కొవ్వు ఎక్కువ అన్న విషయం మీద యాజ్ఞిక్ గారు ఎన్నో ఏళ్ళు పని చేశారట.

ఆ వారంలో షాపు మూసేశాక పాత ఆర్డరు పుస్తకాలు తీశాను. కొలతల పుస్తకాలు నేను పారేయను. ఒక్కో కస్టమర్‌కి ఒక్కో పేజీ, నడుము, సీటు, తొడ, మోకాలు, బాటమ్, పొడవు, పక్కన తేదీ. బ్యాంకులో పని చేసే ఒకాయన మొదట్నుంచీ మా దగ్గరే కుట్టించుకుంటారు. ఆయన పేజీలో సీటు అప్పుడూ 38 ఇంచులు, ఇప్పుడూ 38. షర్టుకి తీసిన పొట్ట కొలత మాత్రం 33 నుంచి 38న్నరకి వచ్చింది. తొడ 22 ఉండేది 21కి తగ్గింది. ఇన్నాళ్ళూ ఆ అంకెల్ని నేను కటింగ్ కోసమే చూశాను, ఆ రాత్రి చూస్తే ఒక మనిషి కాళ్ళల్లో కండ కరిగి పొట్టలో కొవ్వు చేరడం ఏడాది ఏడాదికీ నా చేతిరాతలో ఉంది. తిన్న చక్కెరని ఎక్కువగా వాడుకునేది కండే, పెద్ద కండలు తొడల్లోనే ఉంటాయి. ఆయనకి మర్నాడు ఫోన్ చేశాను. "మాస్టారూ, రెండేళ్ళ నుంచీ షుగర్ బిళ్ళలు వేసుకుంటున్నా" అన్నారు. అలాంటి పేజీలు ఇంకా చాలా కనిపించాయి.

తర్వాత ఇంట్లో అందరినీ కొలిచాను. మా ఆవిడ ఎత్తు 158, సగం 79, నడుము 88 వచ్చింది. ఆడవాళ్ళ విషయంలో ఒక చిక్కు ఉంది, నాకు టైలర్‌గా బాగా తెలుసు. మగవాడికి కనీసం చొక్కా గుండీ బిగుతవుతుంది. చీర ఎంత నడుముకైనా చుట్టుకుంటుంది, లంగా బొందు ఎంతవరకైనా వస్తుంది, నైటీకి అసలు కొలతే లేదు, జాకెట్టు కొలత నడుము దాకా రాదు. ఇరవై ఏళ్ళలో పొట్ట ఎంత పెరిగినా గుర్తుచేసే బట్ట ఒక్కటీ లేదు. అందుకే ఇంట్లో ఆడవాళ్ళని తప్పకుండా కొలవండి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 2019-21 విడతలో మొదటిసారి నడుము, పిరుదుల కొలతలు తీసుకుంటే దేశంలో 57 శాతం ఆడవాళ్ళు, 48 శాతం మగవాళ్ళు ఆ నిష్పత్తిలో హద్దు దాటారు. 2023లో వచ్చిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ఇండియాబ్ అధ్యయనంలో కూడా బీఎంఐ ప్రకారం ఊబకాయం 28.6 శాతం మందికి ఉంటే, నడుము కొలత ప్రకారం 39.5 శాతం మందికి ఉంది. మా ఆవిడకి టెస్టుల్లో షుగర్ రాలేదు, అయినా నాతో పాటే మొదలుపెట్టింది. అమ్మ విషయంలో ఎత్తు లెక్క వద్దన్నారు డాక్టరమ్మ, వయసు మీద పడితే మనిషి కుదించుకుపోతారు కాబట్టి నిష్పత్తి సరిగ్గా రాదని, ఆవిడ మందులే ఆవిడకి.

నాకు మందులేమీ రాయలేదు. మూడు నెలలు తిండి, నడక చూసి మళ్ళీ రమ్మన్నారు. బరువు బాగా తగ్గాలని కూడా అనలేదు, "రెండు మూడు కిలోలు చాలు, కానీ నడుము తగ్గాలి, కాళ్ళల్లో బలం పెరగాలి" అన్నారు. వారానికి 150 నిమిషాలు చెమట పట్టేలా నడక, రెండు రోజులు గుంజీల్లాంటి కండకి పని చెప్పే వ్యాయామం. తెల్లవారుజామున ఇందిరా గాంధీ స్టేడియంలో నడుస్తున్నాను, మా షాపుకి దగ్గర. మిషన్ మీద కూర్చుంటే గంటలు తెలియవు కాబట్టి ఒక్కో ప్యాంటు అయ్యాక లేచి గుంజీలు తీస్తున్నాను, కుర్రాళ్ళు కూడా అలవాటు పడ్డారు.

కష్టమంతా అన్నం దగ్గరే. మన భోజనం ముందు పచ్చడితో మొదలవుతుంది. ఆవకాయో గోంగూరో వేసుకుని నెయ్యి పోసుకుంటే, ఆ కారానికీ ఉప్పుకీ తగ్గట్టు అన్నం కలుపుకోవాలి కదా, కంచంలో సగం అన్నం పచ్చడికే అయిపోతుంది, అప్పటికి పప్పూ కూరా ముట్టుకోనే లేదు. తర్వాత పప్పు, కూర, పులుసు, చివర పెరుగు, ప్రతిదానికీ మళ్ళీ అన్నం. నేను చేసిందల్లా వరస మార్చడం. ముందు కూర, పప్పు ఉత్తిగానే గిన్నెలో వేసుకుని తినేస్తాను, తర్వాత ఒక చిన్న గిన్నెడు అన్నం, పచ్చడి ఆఖర్న నాలుక్కి రాసుకునేంత. రాత్రికి పెసరట్టో జొన్నరొట్టో. షాపులో రోజంతా తాగే టీల్లో పంచదార మానేశాను, అది మానడమే అన్నిటికన్నా కష్టమైంది. సాయంత్రం పునుగులు మానేసి వేయించిన శనగలు.

సుమారు ఆరు నెలలకి బరువు 61న్నర. అంటే తగ్గింది రెండున్నర కిలోలే, కాటా ఒక్కటే చూసుకుంటే ఇంతేనా అని వదిలేసేవాణ్ణి. నడుము 86కి వచ్చింది, ఆరు సెంటీమీటర్లు. తొడ కొలత తగ్గలేదు. హెచ్‌బీఏ1సీ 5.7, ట్రైగ్లిజరైడ్లు 148. ఇంకా ఎత్తులో సగానికి రెండు సెంటీమీటర్లు ఎక్కువే ఉన్నాను, 5.7 కూడా ప్రీ డయాబెటిస్ మొదటి మెట్టే. తమ్ముడు 77కి వచ్చాడు, మోకాళ్ళ నొప్పి తగ్గింది, బీపీకి మందు నడుస్తోంది.

కొలుచుకోవాలనుకునేవాళ్ళకి పనివాడిగా కొన్ని మాటలు. గుడ్డ టేపు వాడేకొద్దీ సాగుతుంది, మా షాపులో పాత టేపుని స్టీలు స్కేలు పక్కన పెట్టి చూస్తే మీటరుకి సెంటీమీటరు దాకా తేడా వచ్చిన సందర్భాలున్నాయి, కొత్త టేపు కొనుక్కోండి. పొద్దున్నే టాయిలెట్‌కి వెళ్ళొచ్చాక, ఏమీ తినకముందు, బట్ట మీద కాకుండా ఒంటి మీద కొలవండి. టేపు కనపడగానే అందరూ పొట్ట లోపలికి లాక్కుంటారు, మా దగ్గర అయితే ఏదో ఒక మాట కలిపి, జవాబు చెబుతూ ఊపిరి వదిలినప్పుడు కొలత తీస్తాం, ఇంట్లో కూడా అలాగే చేయండి. రోజూ కొలవొద్దు, గ్యాసుకీ తిండికీ ఒకటి రెండు సెంటీమీటర్లు అటూ ఇటూ అవుతుంది, నెలకోసారి చాలు. టేపే లేకపోతే మీ ఎత్తుకి సరిపడా తాడు తెంపి సగానికి మడిచి నడుము చుట్టూ తిప్పండి, కొసలు కలవకపోతే హద్దు దాటినట్టే. కాళ్ళు పెట్టి నిలబడితే కొవ్వు శాతం చెప్పే మిషన్లు కరెంటు పంపించి లెక్క కడతాయి, ఒంట్లో నీటిని బట్టి అంకె మారుతుంది, నాకు పొద్దునొకటి సాయంత్రం ఒకటి చూపించింది. గర్భిణులకి, జబ్బుతో పొట్టలో నీరు చేరినవాళ్ళకి ఈ కొలతలు వర్తించవు, పిల్లలకి హద్దులు వేరు. కొలత హద్దు దాటితే జబ్బు ఉన్నట్టు కాదు, షుగర్, బీపీ, కొలెస్ట్రాల్ టెస్టులు చేయించుకోవాలని అర్థం.

ఎవరూ కొలిచేవాళ్ళు లేకపోతే దగ్గర్లో ఉన్న టైలర్ షాపుకి వెళ్ళి అడగండి, కాదనరు. కాకపోతే ఆఖరి పక్కటెముకకీ తుంటి ఎముకకీ మధ్యన పెట్టమని మీరే చూపించండి, చెప్పకపోతే మావాళ్ళు అలవాటుగా ప్యాంటు కట్టే చోటే టేపు పెడతారు.